సబ్ శాండ్‌విచ్ వెంట: ప్యాటర్సన్ నుంచి ఫిలడెల్ఫియా దాకా

న్యూజెర్సీ వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే: ఆగస్టులో వెళ్లండి. అక్కడి టమాటాలు బాగా పండేది అప్పుడే. ఈసారి మేము ఊళ్లు తిరిగిందంతా సబ్ శాండ్‌విచ్ కోసం. పొడుగు రొట్టెను చీల్చి లోపల మాంసం, చీజ్, కూరగాయలు పెట్టేదే సబ్. మంచి సబ్‌లో టమాటాకు ఎంత పని ఉందో, ఆ తిరుగుడులోనే నాకు తెలిసొచ్చింది.

మా మేనల్లుడు శ్రీకాంత్ ఉండేది ఎడిసన్‌లో. ఓక్ ట్రీ రోడ్డు మీద మన తిండికి కొదవ లేదు. ఇడ్లీ, దోసె, బిర్యానీ, గోంగూర పచ్చడి, ఏది కావాలన్నా ఉంది. "ఇంత దూరం వచ్చి మళ్లీ ఇవే ఎందుకు మామయ్యా? ఈ చుట్టుపక్కల వాళ్లు నూరేళ్ల నుంచి చేసుకు తింటున్నవి చూపిస్తాను, రండి" అని ఆఫీసుకు సెలవు పెట్టేశాడు. కారులో అతను, నేను, మా ఆవిడ. కోడలు లావణ్య, పిల్లలు ఖాళీ ఉన్నప్పుడు వచ్చేవాళ్లు.

హైదరాబాద్‌లో సబ్ అంటే మనకు తెలిసింది ఒక పద్ధతే. గాజు పలక వెనక వరసగా గిన్నెలు, మనం వేలు పెట్టి చూపిస్తే ఒక్కొక్కటీ వేసిస్తారు. ఆ పద్ధతిని ప్రపంచమంతా తిప్పిన సబ్‌వే 1965లో కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో మొదలైంది. అంతకు అరవై ఏళ్ల ముందు నుంచే ఈ తూర్పు తీరంలో ఇటలీ నుంచి వచ్చినవాళ్లు పొడుగు రొట్టెను చీల్చి, మాంసం, చీజ్, కూరగాయలు పెట్టి అమ్ముతున్నారు. మేయిన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో జొవానీ అమాటో అనే రొట్టెల వ్యాపారి 1902 ప్రాంతంలో ఓడరేవు కూలీలకు అమ్మినవి పాతవాటిలో ఒకటి. 1880 నుంచి 1920 దాకా నలభై లక్షల మంది ఇటాలియన్లు అమెరికా చేరారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేదలు. చీకటితోనే పనికి పోయేవాడికి పళ్లెం, గరిటె లేకుండా నిలబడి తినే మధ్యాహ్న భోజనం కావాలి. సబ్ పుట్టింది ఆ అవసరంలోంచి. ఇవాళ ఎంత ఖరీదైన కొట్లో తిన్నా సరే, ఆ కూలివాడి ఆకలిని గుర్తుపెట్టుకుని చేసినదే నా దృష్టిలో మంచి సబ్.

మా హద్దులు కూడా ముందే చెప్పాలి. నేను కోడి, పంది మాంసం తింటాను, గొడ్డు మాంసం తినను. మా ఆవిడ శాకాహారి. మన తెలుగువాళ్లు చాలామంది ఇటువంటి హద్దులతోనే ఆ దేశంలో తిరుగుతారు కాబట్టి, ఈ కథనం వాళ్లకు పనికొస్తుందని ఆశ.

బుధవారం, ప్యాటర్సన్

మొదటిరోజు తిండికంటే చూడటమే ఎక్కువ. ప్యాటర్సన్ ఒకప్పుడు పట్టు మిల్లుల ఊరు. అక్కడి మ్యూజియంలో జాన్ ఫిలిప్ హాలండ్ కట్టించిన జలాంతర్గాములు రెండు ఉన్నాయి. ఆయన ఐర్లండ్ నుంచి వచ్చి ఈ ఊళ్లో బడిపంతులుగా పనిచేసిన మనిషి. మొదటి పడవను 1878లో ఇక్కడి పసాయిక్ నదిలో ముంచి తేల్చి చూశాడు. రెండోది ఫీనియన్ రామ్, 1881 నాటిది, పొడవు సుమారు 31 అడుగులు. ఇనుప రేకుల పొట్ట, రెండు వైపులా సన్నబడిన కొనలు. దాని ముందు నిలబడితే పొడుగు రొట్టెకు సబ్‌మెరీన్, పొట్టిగా సబ్, అన్న పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు.

పేరు మా ఊరి నుంచే పుట్టిందని ప్యాటర్సన్‌వాళ్లు అంటారు. కాదు, మా నౌకాదళ స్థావరం పక్కన పుట్టిందని కనెక్టికట్‌లోని గ్రోటన్‌వాళ్లు అంటారు. ఫిలడెల్ఫియాలో దీన్ని హోగీ అంటారు, న్యూయార్క్‌లో హీరో, కనెక్టికట్‌లో గ్రైండర్. ఈ తగువులో నాకు ఆసక్తి లేదు. రొట్టెల్లో తేడా మీదే నా ధ్యాస. ఆ సాయంత్రం శ్రీకాంత్ ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడికి పోవాలో రాసుకున్నాం.

గురువారం, హోబోకెన్

హడ్సన్ నదికి ఇవతలి గట్టు మీద చిన్న ఊరు హోబోకెన్. అవతల మాన్‌హాటన్ మేడలు. ఊరు ఒక చదరపు మైలు ఉంటుందేమో, కారు పెట్టడానికి చోటు దొరకడమే గగనం. ఆడమ్స్ వీధిలోని ఫియోరేస్ 1913 నుంచి ఉన్న కొట్టు. దాని ప్రాణం మొజరెల్లా అనే మెత్తటి చీజ్.

గురువారం, శనివారం అక్కడ గ్రేవీలో తడిపిన గొడ్డు మాంసం, మొజరెల్లా కలిపి సబ్ చేస్తారు. దానికోసం బయట దాకా వరస. మాకు అది అక్కర్లేదు కాబట్టి మేము మొజరెల్లానే నమ్ముకున్నాం. ఇద్దరికీ ఒకటే: తాజా మొజరెల్లా, కాల్చి తొక్క తీసిన ఎర్ర కాప్సికం ముక్కలు, ఆలివ్ నూనె, కాస్త వెనిగర్.

తాజా మొజరెల్లా చేసే తీరు తెలిస్తే దాని రుచి ఇంకా బాగా పట్టుబడుతుంది. విరగ్గొట్టిన పాల గడ్డను చిన్న ముక్కలు చేసి, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు పోస్తారు. కర్ర తెడ్డుతో కలుపుతూ, సాగదీస్తూ, మడతపెడుతూ ఉంటే ఆ ముక్కలన్నీ కలిసి నిగనిగలాడే ఒక ముద్దవుతాయి. దాన్ని ఉండలుగా తెంపి ఉప్పునీళ్లలో వేస్తారు. ఆ పూట చేసింది ఆ పూటే తినాలి. ఫ్రిజ్‌లో పెడితే బిగుసుకుని, పళ్ల కింద రబ్బరు నమిలినట్టుంటుంది. బయట ఉంచిన తాజా ఉండను కోస్తే పాలు చెమర్చుతాయి. ఆ పాలే రొట్టెలోకి దిగి, కాప్సికం తీపితో కలిసి, మాంసం లేకుండానే శాండ్‌విచ్‌ను నిలబెడతాయి.

మా ఆవిడ ఒక ముక్క కొరికి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇందులో నాలుగంటే నాలుగు వస్తువులున్నాయి కదండీ" అంది. అవును, నాలుగే. కాప్సికం బదులు ఇంకో నాలుగు రకాల కూరగాయలు, మీద మూడు రకాల సాసులు వేసి ఉంటే ఆ మొజరెల్లా ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. సబ్‌లో ఏమేం వేయాలన్న ప్రశ్నకు ముందు, దేనికోసం ఈ సబ్ తింటున్నామన్న ప్రశ్న ఒకటి ఉండాలి. ఆ ఒక్కదానికి మిగతావన్నీ చోటివ్వాలి.

శుక్రవారం, పాయింట్ ప్లెజంట్

గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణంగా పోతే సముద్రతీరపు ఊళ్లు మొదలవుతాయి. పెద్ద రోడ్డు దిగి లోపలి దారి పట్టాం. రోడ్డు పక్కన రైతులు బల్లలు వేసి మొక్కజొన్న, పీచు పళ్లు, టమాటాలు అమ్ముతున్నారు. జెర్సీ టమాటా అంటే అక్కడివాళ్లకు ఎంత గర్వమో వాళ్ల బోర్డులు చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయం 1934లో తమ పేరుతోనే ఒక టమాటా రకాన్ని విడుదల చేసింది. చాలా ఏళ్లు దేశమంతా దాన్నే పండించారు. తరవాత దూరప్రయాణానికి తట్టుకునే గట్టి తొక్క రకాలు వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి. దాని తల్లిదండ్రుల మొక్కల నుంచే మళ్లీ ఎంచి, 2016లో రట్గర్స్ 250 పేరుతో కొత్తగా తెచ్చారు.

రెండు కిలోల దాకా కొన్నాం. చెట్టున పండిన టమాటాలో పులుపు, తీపి రెండూ ఉంటాయి, రసమూ ఎక్కువే. ఆ రసమే సబ్‌కు మేలూ, కీడూ. పలుచగా కోసి, ఉప్పు చల్లి, కాసేపు ఆరనిచ్చి పెడితే మేలు. మందపాటి చక్రాలు కోసి నేరుగా రొట్టె మీద వేస్తే, కాసేపటికి రొట్టె అడుగు నాని చిరిగిపోతుంది. చలికాలంలో దూరం నుంచి వచ్చే, పచ్చిగా కోసి ముగ్గవేసిన టమాటాకు అసలు రుచే ఉండదు. అలాంటప్పుడు అది మానేసి ఊరబెట్టిన మిరపకాయలు కాసిని ఎక్కువ వేసుకోవడం నయం. ఈ మాట మీద నేను గట్టిగా ఉన్నాను.

పాయింట్ ప్లెజంట్‌లో 1956లో మైక్స్ సబ్స్ అనే కొట్టు మొదలైంది. అందులో చిన్నప్పటి నుంచి పనిచేసిన పీటర్ క్యాంక్రో 1975లో, పదిహేడేళ్ల వయసులో, తన ఫుట్‌బాల్ కోచ్ దగ్గర అప్పు తెచ్చి ఆ కొట్టు కొనేశాడు. అదే తరవాత జెర్సీ మైక్స్‌గా దేశమంతా పాకింది. ఇన్ని కొట్లు పెట్టాక కూడా వాళ్లు వదలని పని ఒకటుంది: మనం అడిగాకే మాంసం, చీజ్ కోస్తారు.

స్లైసర్ పక్కన నిలబడి చూడటం నాకు ఇష్టం. గుండ్రటి బ్లేడు తిరుగుతుంటుంది, మాంసం గడ్డను బల్ల మీద ముందుకీ వెనక్కీ జరుపుతారు, ఒక్కో పొర చేతిలోకి రాలుతుంది. ఈ యంత్రాన్ని 1898లో హాలండ్‌లోని రోటర్‌డామ్‌లో విల్హెల్మ్ వాన్ బెర్కెల్ అనే మాంసం వ్యాపారి తయారుచేశాడు. చేత్తో కత్తి పట్టి ఎంత నేర్పరి కోసినా అంత పలుచగా, అంత సమంగా రాదు. ఎందుకు పలుచగా కోయాలి? సలామీ, కాపికోలా ఉప్పుపట్టించి ఆరబెట్టిన మాంసాలు. గట్టిగా ఉంటాయి. మందంగా కోస్తే కొరికినప్పుడు ముక్క మొత్తం ఊడి బయటికొస్తుంది. పలుచటి పొర పంటికి వెంటనే తెగుతుంది, అందులోని కొవ్వు నోటి వేడికే కరుగుతుంది, వాసన ముక్కుకు తగులుతుంది. పొరలను పేకముక్కలు సర్దినట్టు బల్లపరుపుగా కాకుండా, వదులుగా మడిచి పెడితే మధ్యలో గాలి ఉంటుంది. అదే మాంసం, అదే బరువు, కానీ తిన్నప్పుడు తేలిగ్గా ఉంటుంది. పొద్దున కోసి పెట్టుకున్న మాంసంలో ఇవేవీ మిగలవు. కోసిన ముఖం గాలికి ఎండి, రంగు మారి, వాసన పోగొట్టుకుంటుంది.

అక్కడ 'మైక్స్ వే' అని అడిగితే ఉల్లిపాయ, లెట్యూస్, టమాటా, ఎర్ర వైన్ వెనిగర్, నూనె, ఒరెగానో, ఉప్పు వస్తాయి. వెనిగర్ ముందు, నూనె తరవాత. అందులో తర్కం ఉంది. నూనె ముందు పోస్తే ఆకుకు నూనె పట్టి, మీద పోసిన వెనిగర్ జారి అడుక్కు చేరుతుంది. అప్పుడు పైన చప్పగా, కింద పుల్లగా. లెట్యూస్ కూడా ఐస్‌బర్గ్ రకమే వాడతారు, సన్నగా తురిమినట్టు కోసి. దానికి సొంత రుచి తక్కువని వంటవాళ్లు చాలామంది చులకన చేస్తారు కానీ, సబ్‌లో దాని పని రుచి కాదు. చల్లదనం, కరకర, ఇంకా నూనె వెనిగర్లను తన పోగుల మధ్య పట్టుకుని ఉంచడం. ఈ మూడు పనులూ పాలకూర చెయ్యలేదు.

శనివారం, అట్లాంటిక్ సిటీ

అట్లాంటిక్ సిటీ అంటే జూదశాలలు, సముద్రం ఒడ్డున చెక్కబల్లల నడకదారి. శ్రీకాంత్ పిల్లలిద్దరూ ఆ రోజు మాతో వచ్చారు. ముందు సముద్రం చూసి, తరవాత ఆర్కిటిక్ అవెన్యూ వైపు నడిచాం. అక్కడ వైట్ హౌస్ సబ్ షాప్ 1946 నుంచి ఉంది. లోపల గోడల నిండా ఫోటోలు. 1964లో ఇక్కడికి పాడటానికొచ్చిన బీటిల్స్ ఒక భారీ సబ్ ముందు నిలబడి ఉన్న ఫోటో వాటిల్లో అందరూ చూసేది.

నేను మాత్రం రొట్టె చూశాను. ఎదురుగా వీధి అవతలే ఫోర్మికా బేకరీ. పొయ్యిలోంచి రొట్టె దిగాక రోడ్డు దాటితే చాలు, శాండ్‌విచ్ అవుతుంది. సబ్‌లో మాంసం గురించి, చీజ్ గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. నన్నడిగితే సగం విషయం ఈ రోడ్డు దాటడంలోనే ఉంది.

ఈ రొట్టెలో ఉండేవి పిండి, నీళ్లు, ఈస్ట్, ఉప్పు. పాలు, వెన్న, గుడ్డు వేయరు. మన బేకరీ బ్రెడ్‌లో ఉండే తీపి ఇందులో ఉండదు. బాగా వేడెక్కిన పొయ్యిలో, మొదట్లో ఆవిరి పట్టించి కాలుస్తారు. ఆవిరి వల్ల పైన చర్మం వెంటనే గట్టిపడదు, రొట్టె బాగా పొంగుతుంది. ఆ తరవాత ఆవిరి పోయి పొడి వేడి తగిలి పలుచటి పెచ్చు కడుతుంది. వేలితో నొక్కితే పెచ్చు చిట్లాలి, లోపలి మెత్తన మళ్లీ పైకి లేవాలి. పెచ్చు మరీ గట్టిగా ఉంటే, కొరికినప్పుడు అంగుడు గీసుకుపోతుంది, లోపలి సరుకంతా వెనకనుంచి జారిపోతుంది. మరీ మెత్తగా ఉంటే వెనిగర్ తగలగానే ముద్దవుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి చోటును పట్టుకోవడమే ఈ ఊళ్ల బేకరీల విద్య.

ఆ విద్యకు ఆయుష్షు కొద్ది గంటలే. కాలిన రొట్టె చల్లారుతున్న క్షణం నుంచే అందులోని పిండిపదార్థం తిరిగి గట్టిపడటం మొదలుపెడుతుంది. ఫ్రిజ్ చల్లదనంలో అది ఇంకా వేగంగా జరుగుతుంది. అందుకే రొట్టెను ఫ్రిజ్‌లో పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. అందుకే మంచి కొట్లు రోజుకు రెండుమూడుసార్లు రొట్టె తెప్పించుకుంటాయి, రొట్టె అయిపోతే తలుపు వేసుకుంటాయి. ఎంత గొప్ప మాంసమైనా పెట్టండి, నిన్నటి రొట్టె దాన్ని పాడుచేస్తుంది. తాజా రొట్టెలో నూనె, ఉప్పు, నాలుగు టమాటా ముక్కలు పెట్టినా కడుపు నిండుతుంది.

నేను తీసుకున్నది వాళ్ల వైట్ హౌస్ స్పెషల్: సలామీ, హామ్ అనే పంది తొడ మాంసం, కాపికోలా, ప్రొవొలోన్ చీజ్, మీద లెట్యూస్, టమాటా, ఉల్లిపాయ, నూనె, ఒరెగానో, ఎర్ర మిరపకాయల కారం. పూర్తి సబ్ అడిగితే ఇద్దరికి సరిపోతుంది. మేము పూర్తిది తీసుకుని శ్రీకాంత్, నేను పంచుకున్నాం. పిల్లలకు టర్కీ కోడి మాంసంది. మా ఆవిడకు చీజ్, కూరగాయలతో చేసింది. మిరపకాయల కారం గురించి ఒక మాట చెప్పాలి. గుండ్రటి చెర్రీ మిరపకాయలను వెనిగర్‌లో ఊరవేసి, కచ్చాపచ్చాగా నూరతారు. గుంటూరు కారం తిన్న మనకు ఆ కారం లెక్కలోకి రాదు. కానీ దాని పని కారం కాదు, పులుపు. నాలుక మీద పేరుకున్న కొవ్వును కోసేస్తుంది, తరవాతి ముద్దకు నాలుక మళ్లీ ఖాళీగా సిద్ధమవుతుంది.

ఆదివారం, బ్రిడ్జ్‌వాటర్

ఆ రోజు సబ్ లేదు. బ్రిడ్జ్‌వాటర్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. కింద భోజనశాలలో మనవాళ్ల సందడి, తెలుగు మాటలు. పులిహోర తింటుంటే నాకు సబ్ గురించి ఒక సంగతి తట్టింది. పులిహోర కలిపిన వెంటనే తింటే అన్నం వేరు, పులుపు వేరుగా ఉంటాయి. కాసేపు వదిలేస్తే ప్రతి మెతుకుకూ పులుపు, ఉప్పు పడతాయి. నూనె వెనిగర్ పోసిన సబ్ కూడా అంతే. కాగితంలో బిగించి చుట్టి ఓ పది నిమిషాలు పక్కన పెడితే, రొట్టె లోపలి మెత్తన ఆ రసాన్ని పీల్చుకుంటుంది, పెచ్చు మాత్రం అలాగే ఉంటుంది, అన్నీ ఒకదానికొకటి ఒదుగుతాయి. అలాగని గంటలకొద్దీ ఉంచకూడదు. కొట్టు నుంచి దగ్గర్లోని పార్కు బల్ల దాకా నడిచేంత సేపు చాలు.

ఈ మాట అంటే, "అందుకే ఇక్కడివాళ్లు అంత గట్టిగా చుడతారు మామయ్యా. పూర్తిగా విప్పకండి, కాగితం కొంచెం కొంచెం కిందికి దించుకుంటూ తినండి" అన్నాడు శ్రీకాంత్. కాగితం తీసేస్తే రొట్టె తెరుచుకుని అన్నీ ఒడిలో పడతాయి. కాగితం కూడా ఈ తిండిలో ఒక భాగమే.

సోమవారం ఇంట్లోనే ఉండిపోయాం. ఫిలడెల్ఫియా ఇటాలియన్ మార్కెట్‌లో చాలా కొట్లు సోమవారం తెరవరు.

మంగళవారం, ఫిలడెల్ఫియా

పొద్దున్నే బయల్దేరాం, రొట్టె అయిపోకముందే చేరాలని. దక్షిణ ఫిలడెల్ఫియాలో తొమ్మిదో వీధి పొడవునా ఇటాలియన్ మార్కెట్. రేకుల పందిళ్ల కింద కూరగాయల బళ్లు, చేపల కొట్లు, చీజ్ కొట్లు. ఇప్పుడు వాటి మధ్య మెక్సికోవాళ్ల కొట్లు, వియత్నాంవాళ్ల కొట్లు కూడా కలిశాయి. సార్కోన్స్ బేకరీ 1918 నుంచి అక్కడే ఉంది, ఒకే కుటుంబం చేతుల్లో. వీళ్ల రొట్టె మీద నువ్వులు ఒత్తుగా అద్ది కాలుస్తారు. నువ్వులు వేగిన వాసన రోడ్డు మీదికే వచ్చింది. మనకు బాగా తెలిసిన వాసన కదా, మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. సంచి నిండా కొన్నాం.

ఈ ఊరి రొట్టె ఇంత బాగుండటానికి ఇక్కడి నీళ్లే కారణమని చాలామంది చెప్తారు. నేను నమ్మను. పిండిని తొందరపెట్టకుండా పులియనివ్వడం, పాత ఇటుక పొయ్యి వేడి, రోజూ కొనడానికి వచ్చే జనం, ఈ మూడూ ఉన్నచోట ఏ నీళ్లతోనైనా మంచి రొట్టె వస్తుంది. మూడోది అన్నిటికంటే పెద్దది. అడిగి కొనేవాళ్లు లేకపోతే తాజా రొట్టె ఎవడు చేస్తాడు?

హోగీ ఈ ఊరికి ప్రాణం. 1992లో మేయర్ ఎడ్ రెండెల్ దీన్ని నగర అధికారిక శాండ్‌విచ్‌గా ప్రకటించాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి హాగ్ ఐలండ్ ఓడల కర్మాగారం కూలీల భోజనం నుంచి ఇది వచ్చిందని ఇక్కడ చెప్పుకుంటారు. ఆ కర్మాగారం ఉన్నచోటే ఇప్పుడు విమానాశ్రయం ఉంది.

మార్కెట్ పక్క వీధిలో ఒక చిన్న కొట్లో ఇటాలియన్ హోగీ చేయించుకున్నాం. చేసే పెద్దాయన చేతులు చూస్తూ నిలబడ్డాను. రొట్టెను పూర్తిగా రెండు ముక్కలు చేయలేదు, ఒకవైపు అతుకు ఉంచి పుస్తకం తెరిచినట్టు తెరిచాడు. లోపల నూనె రాశాడు. ముందు ప్రొవొలోన్ ముక్కలు పరిచాడు. చీజ్ అడుగున ఉంటే టమాటా రసానికీ రొట్టెకూ మధ్య అది అడ్డుగోడ. దాని మీద ప్రొషూటో, సొప్రెసాటా, కాపికోలా అనే ఆరబెట్టిన పంది మాంసాలు, ఒక్కోటి రెండుమూడు పొరలు, వదులుగా. తరవాత టమాటా, ఉల్లి, లెట్యూస్. ఉప్పు, మిరియాలు, ఒరెగానో నేరుగా టమాటా మీద పడేలా చల్లాడు. చివర్లో కత్తి వెనక వైపుతో అన్నిటినీ లోపలికి నొక్కి, మూసి, కోశాడు. మయోనీస్ ఊసే లేదు. టర్కీ మాంసానికి మయోనీస్ సరే, దానికి సొంత కొవ్వు తక్కువ. సలామీలోనే కావలసినంత కొవ్వుంది, మీద మళ్లీ మయోనీస్ రాస్తే నోరు మొద్దుబారుతుంది. దానికి కావలసింది పులుపే.

మేము 'ఇటాలియన్' అని ఒక్క మాట అన్నాం, మిగతాదంతా ఆయన నిర్ణయం. మిరపకాయలు కావాలా అని మాత్రం అడిగాడు. వేలు చూపించి ఏరుకునే పద్ధతిలో కొనేవాడికి స్వేచ్ఛ ఉంది, నిజమే. కానీ ఒక జీవితకాలం ఇదే పని చేసిన చేతికి ఏది ఎంత వేయాలో మనకంటే బాగా తెలుసు. పాత కొట్టుకు వెళ్లినప్పుడు మొదటిసారి వాళ్లు చేసే తీరులోనే తినండి. మార్పులు రెండోసారి అడగొచ్చు.

మా ఆవిడకు వంకాయ ముక్కలు రొట్టెపొడిలో అద్ది వేయించి పెట్టిన హోగీ దొరికింది. అందులో ఆలివ్ నూనెలో వెల్లుల్లితో మగ్గించిన బ్రోకలీ రాబ్ అనే చేదు ఆకుకూర, వేయించిన లాంగ్ హాట్స్ మిరపకాయలు. ఆకు చేదు, మిరప ఘాటు, వంకాయ మెత్తన కలిసి ఎంత బాగున్నాయంటే, నా దాంట్లో సగం ఇచ్చి ఆవిడ దాంట్లోంచి ఒక ముక్క తీసుకుందామనుకున్నాను. మాంసం ఉంది కాబట్టి ఆ బేరం కుదరదు. ఒక ముక్క ఊరికే ఇచ్చింది.

డి బ్రూనో బ్రదర్స్ 1939 నుంచి ఉన్న చీజ్ కొట్టు. కప్పు నుంచి పొడుగాటి ప్రొవొలోన్ గడ్డలు వేలాడుతుంటాయి. ఇందులో రెండు రకాలు. రెండుమూడు నెలలు ఉంచింది మెత్తగా, సాదాగా ఉంటుంది. ఇంకా చాలా నెలలు మాగబెట్టింది ఘాటుగా, నాలుక చురుక్కుమనేలా ఉంటుంది. మంచి సబ్‌కు ఘాటైనదే నా ఓటు, కానీ తక్కువ వేయాలి. శాకాహారులకు ఒక సూచన. ఇటలీ ఘాటు ప్రొవొలోన్‌లో పాలు విరగడానికి మేకపిల్లల, గొర్రెపిల్లల కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు, ఆ ఘాటులో కొంత అక్కడిదే. అమెరికాలో చేసే చీజ్‌లు చాలావాటికి సూక్ష్మజీవుల నుంచి తయారైన రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు కొట్లో అడిగితే చెప్తారు. మా ఆవిడ అడిగి, తనకు సరిపడే సాదా రకం తీసుకుంది.

మధ్యాహ్నం దాటాక రీడింగ్ టెర్మినల్ మార్కెట్. 1893లో రైల్వే స్టేషన్ కింద కట్టిన బజారు. ఇప్పుడు పైన రైళ్లు లేవు, కింద బజారు మాత్రం కిటకిటలాడుతోంది. అక్కడి డినిక్స్ వాళ్ల రోస్ట్ పోర్క్ శాండ్‌విచ్‌ను 2012లో ట్రావెల్ చానల్ కార్యక్రమంలో దేశంలోకెల్లా మేటి శాండ్‌విచ్‌గా ఎంచారు. కడుపులో చోటు లేకపోయినా ఒకటి తీసుకుని పంచుకున్నాం. వేడి పంది మాంసం పొరలు, దాని రసం, ఘాటు ప్రొవొలోన్, బ్రోకలీ రాబ్. ఇది చల్లటి హోగీకి అన్నదమ్ముల వరస. ఇక్కడ వెనిగర్ లేదు, కొవ్వును కోసే పని ఆకు చేదు చేస్తుంది. పులుపో చేదో, ఏదో ఒకటి లేకపోతే ఈ తిండి నిలబడదు.

సాయంత్రం ఎడిసన్ చేరగానే కూర్చోకుండా వంటింట్లోకి వెళ్లాం. రొట్టె పొద్దుటిది, రాత్రి దాటితే దండగ. లావణ్య ఉల్లిపాయలు పలుచగా కోసి చల్లటి నీళ్లలో వేసింది, ఘాటు తగ్గడానికి. నేను శుక్రవారం కొన్న టమాటాలు కోసి ఉప్పు చల్లాను. ప్రొవొలోన్ అడుగున పరిచాం. పెద్దవాళ్లకు కాపికోలా, సలామీ, పిల్లలకు టర్కీ, మా ఆవిడకు కాల్చిన కాప్సికం, వేయించిన వంకాయ. మీద లెట్యూస్, ముందు వెనిగర్, తరవాత నూనె, ఒరెగానో. చుట్టడానికి కాగితం లేకపోతే లావణ్య దోసెల పార్సిల్‌కు తెచ్చిన బటర్ పేపర్ తీసిచ్చింది. పది నిమిషాలు ఆగమంటే చిన్నవాడు ఒప్పుకోలేదు, తనది వెంటనే తినేశాడు. మిగతావాళ్లం ఆగాం. పెద్దది సగం తిన్నాక, "తాతయ్యా, ఇందులో ఊరమిరపకాయ వేసుకోవచ్చా?" అని అడిగింది. వేసుకోమన్నాను. మజ్జిగలో ఊరి ఎండి వేగిన మిరపకాయలో పులుపు, ఉప్పు, కరకర మూడూ ఉన్నాయి. కాపికోలా పక్కన అది బాగానే కుదిరింది. నేనూ ఒకటి విరిచి వేసుకున్నాను.